తెరకు పెట్టిన గంధం

అంబుజం మనుషులతో తక్కువ, వస్తువులతో ఎక్కువ మాట్లాడే మనిషి. మిక్సీ మొరాయిస్తే "ఏందే, నీకూ ఈ పొద్దు ఒళ్ళు బాగలేదా" అని అడిగేది. పాలు పొంగబోతే "వస్తావుండా, వస్తావుండా, తొందర పడబాకు" అంటూ పొయ్యి దగ్గరికి పరుగెత్తేది. ముదలియార్‌పేట సందులోకి కోడలిగా వచ్చిన కొత్తలో అత్తగారు అది చూసి, పిల్లకు గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది. అంబుజం ఆ తాయెత్తుతో కూడా మాట్లాడింది.

ఆమె చదివింది తమిళ బడిలో, అదీ అయిదో తరగతి వరకే. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ తెలుగును రాయడం, చదవడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. భర్త శివరామన్ నీళ్ళ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. వీధి వీధికీ తిరిగి కుళాయి నీళ్ళు వదిలి కట్టేసే ఉద్యోగం ఆయనది. వాళ్ళకు ఒక్కడే కొడుకు, జయప్రకాశ్. వాడు పెళ్ళిళ్ళకు, చెవులు కుట్టే పండగలకు, పుట్టినరోజులకు వీధి మొదట్లో కట్టే బ్యానర్లను కంప్యూటర్ మీద తయారుచేసేవాడు. ముందుగదిలోనే బల్ల, కుర్చీ, బల్ల మీద పెద్ద తెర. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా బ్యానర్ కింది మూలలో 'జేపీ గ్రాఫిక్స్' అని చిన్న అక్షరాలుండేవి. అంబుజం మార్కెట్టుకు పోతూ ఆ మూలనే వెతుక్కునేది. పెళ్ళికొడుకు ఎవరో, పెళ్ళికూతురు ఎవరో ఆమెకు పట్టేది కాదు.

కిందటేడు కార్తీకంలో జయప్రకాశ్ జ్వరంతో ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. ఆ రోజు వాడి స్నేహితుడు దురైసామి ఆ కుర్చీలోనే కూర్చుని, ఏడుస్తూనే, 'కన్నీటి అంజలి' పోస్టరు తయారుచేశాడు. తొందరలో దొరికింది గుర్తింపు కార్డు ఫోటో. అందులో వాడు కళ్ళు సగం మూసుకుని, దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టు ఉన్నాడు. ఆ పోస్టరు సందు మొదట్లో గోడ మీద వానకు కరిగిపోయేదాకా ఉంది. అంబుజం అటువైపు తల తిప్పకుండా నడిచేది. ఇంట్లో వస్తువులతో మాట్లాడటం కూడా అప్పుడే మానేసింది.

ఆమెకు తెలిసిన ఫోటో వేరే ఉంది. నీలం చొక్కా వేసుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో. ఒక సాయంత్రం వాడు "అమ్మా, ఒకసారి వచ్చి చూసిపో" అని పిలిస్తే, దోసెల పిండి చేతులతో గడప దగ్గర నిలబడి తెర మీద చూసింది. వాడి ఫోను తెరవాలంటే గీతేదో గీయాలి. ఆ గీత ఇంకెవరికీ తెలియదు. కాబట్టి ఆ ఫోటో ఉంటే ఆ తెరలోనే ఉండాలి. సంవత్సరీకం దగ్గర పడుతోంది. ఈసారి వాడి ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టాలి, బ్యానర్ కట్టాలి. రెండిటికీ ఆ నవ్వే ఫోటోనే కావాలి. అంబుజం ఏడాదంతా ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటే.

చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగలు చెయ్యరు. ఆయుధపూజ రోజు సందులో అందరూ స్కూటర్లు కడిగి నిమ్మకాయలు తొక్కిస్తుంటే, శివరామన్ తలుపు దగ్గరికి వేసుకుని పడుకున్నాడు. మధ్యాహ్నం ఆయన గురక మొదలయ్యాక అంబుజం ముందుగదిలోకి వెళ్ళింది. జయప్రకాశ్ ప్రతి ఆయుధపూజకూ కంప్యూటర్‌కు గంధం, కుంకుమ పెట్టి, బొరుగులు పంచి, ఆ పూట దాన్ని ముట్టుకునేవాడు కాదు. వాడికి అన్నం పెట్టిన వస్తువు ఏడాదిగా బొట్టు లేకుండా ఉందని ఆమెకు మనసులో ఉంది. గిన్నెలో గంధం పొడి వేసి నీళ్ళు పోసింది. నీళ్ళు ఎక్కువయ్యాయి. అయినా సరేనని తెర కింది అంచున వేలితో అద్దింది. గంధం నిలవకుండా జారింది. ఇంకోసారి అద్దింది. అదీ జారింది. కొంగుతో తుడిచి, మూడోసారి చిన్న చుక్క పెట్టి, దాని మీద కుంకుమ పెట్టి, గిన్నె కడిగి బోర్లించింది. శివరామన్ లేచేసరికి ఆమె వంటింట్లో చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది.

మర్నాడు దురైసామి ఫోటో వెతకడానికి వచ్చాడు. మీట నొక్కగానే తెర మీద కింది నుంచి పైకి ఆకుపచ్చ గీతలు లేచాయి. టప్పుమని చిన్న చప్పుడైంది. ఆ తర్వాత నల్లగా అయిపోయింది.

"తెర పోయిందమ్మా" అన్నాడు దురైసామి.

ఆ మాట ఆమెకు ఫోటో పోయిందన్నట్టు వినిపించింది. "పోయిందా? ఇంకోసారి చూడు నాయనా."

ఇంకోసారి చూశాడు. వైర్లు పీకి పెట్టాడు. అరచేత్తో తట్టాడు. "కొన్నచోటికి తీసుకుపోండి. వారంటీ ఉంటే వాళ్ళే మార్చిస్తారు" అని, ప్రెస్సులో పనుందని వెళ్ళిపోయాడు.

కొన్నచోటు నెహ్రూ వీధి వైపు ఒక పెద్ద షోరూమ్. శివరామన్ స్కూటర్ నడిపాడు. అంబుజం తెరను దుప్పటిలో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది. షోరూమ్‌లో ఏసీ చల్లగా ఉంది. టై కట్టుకున్న అబ్బాయి మర్యాదగానే కూర్చోబెట్టాడు.

"బిల్లు ఎవరి పేరున ఉంది సార్?"

"ఎస్. జయప్రకాశ్."

అబ్బాయి టకటకా నొక్కి చూశాడు. "వారంటీ ఆగస్టులోనే అయిపోయింది సార్. అప్పుడు పొడిగించుకోమని ఆయన నంబరుకు మెసేజ్‌లు కూడా పంపినాం. ఆయన జవాబివ్వలేదు."

శివరామన్ చేతిలోని స్కూటర్ తాళంచెవి వంక చూసుకున్నాడు.

"ఒక పని చేయొచ్చు సార్. పాత తెర మాకిచ్చేస్తే కొత్తదానిలో కొంచెం తగ్గిస్తాం. దానికి ఆ నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆయన్ను ఒకసారి రమ్మనండి."

"రాడు" అంది అంబుజం. అంతే అంది. దుప్పటి లాక్కుని మళ్ళీ తెరకు చుట్టడం మొదలుపెట్టింది.

అబ్బాయికి ఏదో అర్థమైంది, లేకపోతే భయమేసింది. "సారీ అమ్మా" అన్నాడు. బయటికొచ్చాక శివరామన్ మెల్లగా అడిగాడు.

"కొత్తది తీసుకుంటే ఏమే? ఇది ఎట్లాగూ పనికి రాదంట గదా."

"దీన్ని వాళ్ళకిచ్చేస్తే ఫోటో యాడుంటాది? దాంతోనే పోదా?"

శివరామన్ ఆలోచించాడు. నీళ్ళ విషయమైతే ఏ గొట్టంలో ఎంత ఉంటుందో ఆయనకు తెలుసు. ఇది ఆయనకూ తెలియదు. "అవును, పోతాది" అన్నాడు.

మర్నాడు ఇద్దరూ గోరిమేడు పోయారు. అక్కడ పెద్దాసుపత్రి రోడ్డు వెనక బాలకృష్ణన్ అనే ఆయన రిపేరు కొట్టు పెట్టుకున్నాడని శివరామన్ పాత సహోద్యోగి ఒకాయన చెప్పాడు. ఆ రోడ్డు మీదుగా పోతున్నప్పుడు అంబుజం కళ్ళు మూసుకుంది. ఆసుపత్రి గేటు దాటేదాకా శివరామన్ కూడా స్కూటర్‌ను కొంచెం వేగంగానే నడిపాడు.

బాలకృష్ణన్ లావుపాటి మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, టీ తాగుతూ, ఎవరితోనో ఫోన్లో పోట్లాడుతున్నాడు. ఫోను పెట్టేశాక దుప్పటి విప్పమన్నాడు. శివరామన్ తమిళంలో సంగతంతా చెప్పాడు. మధ్యలో అంబుజం భర్తతో "జాగ్రత్తగా పట్టుకోమని చెప్పు, ఫోటో చెదిరిపోతాదేమో" అని గొణిగింది.

బాలకృష్ణన్ టీ గ్లాసు దించాడు. "మీరు తెలుగోళ్ళా అక్కా?"

"ఇంట్లో మట్టుకే."

"మేమూ అంతే. మాది విల్లియనూరు. మా అవ్వ పోయినాక ఈ మాట విని ఎన్నాళ్ళాయనో. సరే, ఏ ఫోటో చెదిరిపోయేది?"

"మా వాడిది. దీంట్లో ఉంది."

"దీంట్లోనా?" ఆయన తెరను అటూ ఇటూ తిప్పాడు. "అక్కా, సినిమా కొట్టాయిలో తెర చిరిగితే సినిమా పోతాదా?"

అంబుజం దుప్పటి కొసను చేతిలోకి తీసుకుంది.

"ఇది ఉత్త తెర. కనిపించేది మట్టుకే ఇక్కడ. దాచిపెట్టేది పెట్టెలో. నల్ల పెట్టె ఒకటి ఉండాల గదా, అది యాడుంది?"

"బల్ల కింద" అన్నాడు శివరామన్. "దానికేం కాలేదని దాన్ని తేలేదు."

"బాగుంది! కాలు నొప్పంటే చెప్పును డాక్టరు దగ్గరికి పంపినారు" అని బాలకృష్ణన్ పొట్ట అదిరేలా నవ్వాడు. అంబుజానికి ఆ నవ్వు కోపం తెప్పించలేదు. చేతిలో ఉన్న దుప్పటి కొసను మడతలు పెడుతూ, "అయితే ఫోటో పోలేదా?" అని రెండుసార్లు అడిగింది.

"పెట్టె తీసుకురండి, చూపిస్తా. ముందు దీని సంగతి చూస్తాం" అని ఆయన తెర వెనక మరలు విప్పాడు. అంచు పట్టీ ఊడదీసి లైటు కింద పెట్టుకుని, వేలి గోరుతో ఏదో గీకి వాసన చూశాడు.

"గంధం" అన్నాడు.

శివరామన్ ముందుకు వంగాడు. "ఏంది?"

"గంధం నీళ్ళు సార్. కింది అంచులోకి దిగినాయి. అక్కడే సన్నటి వైర్లుంటాయి. తడిగా ఉండగానే కరెంటు ఇచ్చినట్టున్నారు, కాలిపోయింది. వారంటీ ఉన్నా దీనికి ఒప్పుకోరు." ఇద్దరి ముఖాలూ చూసి ఆయన గొంతు మార్చాడు. "ఏం పరవాలేదు. ఆయుధపూజ అయినాక వారమంతా నాకు ఇదే పని. నిన్న ఒకాయన కీబోర్డు తెచ్చినాడు, తిరగేస్తే ఒక పడి బొరుగులు రాలినాయి. కాలాపేట నుంచి ఒక ప్రింటరు వచ్చింది, లోపల నిమ్మకాయ. అరటి పండు పెట్టలేదని సంతోషపడినా."

శివరామన్ నవ్వలేదు. భార్య వైపు తిరిగాడు. "ఎవరు పెట్టింది?"

"నేనే."

"ఎప్పుడు?"

"నువ్వు నిద్రపోతావుంటే. ఏడాది తిరగలేదని తెలుసు. మనసు ఊరుకోలేదు."

ఆయన తిడతాడని అంబుజం అనుకుంది. ఏడాది తిరగకుండా పూజేంది, అందుకే ఇట్లా అయిందని అంటాడనుకుంది. శివరామన్ తన కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తుడిచిందే చాలాసేపు తుడిచాడు.

"నన్ను లేపకూడదా? ఒక్కదానివే చేసుకున్నావా?"

బాలకృష్ణన్ లేచి, ఇంకో రెండు టీలు చెప్పొస్తానని బయటికి పోయాడు.

మర్నాడు వాళ్ళు పెట్టె తెచ్చారు. దురైసామి కూడా వచ్చాడు. బాలకృష్ణన్ తన బల్ల మీది తెరకు పెట్టెను తగిలించి మీట నొక్కాడు. పెట్టెలో గాలిమర తిరిగింది. ఆ చప్పుడు ఏడాది కిందటి వరకూ ముందుగదిలో పగలంతా వినిపించిన చప్పుడే. అంబుజం కుర్చీ ముందుకు జరుపుకుంది.

జయప్రకాశ్ పనిలో వరస ఉన్నవాడు. పెళ్ళి, సమర్త, చెవులు కుట్టే పండగ, గృహప్రవేశం అన్నీ వేరువేరుగా పెట్టుకున్నాడు. గిరాకీకి చూపించడానికి ఒక్కోదానికీ ఒక నమూనా బ్యానర్ ఉంది. దురైసామి ఒక్కొక్కటే తెరిచాడు. చెవులు కుట్టే పండగ నమూనాలో చంటిపిల్లవాడి ఒంటి మీద జయప్రకాశ్ మొహం ఉంది, మీసంతో సహా. గృహప్రవేశంలో పట్టుపంచెతో వాడే. సమర్త బ్యానర్‌లో మేనమామగా వాడే, చేతిలో పళ్ళెం. దురైసామి పగలబడి నవ్వాడు, అంతలోనే నోరు మూసుకున్నాడు. శివరామన్ మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "దొంగ నా కొడుకు" అన్నాడు. ఏడాదిలో కొడుకును ఆయన తిట్టడం అదే మొదలు.

'కన్నీటి అంజలి' నమూనా మీదుగా బాణం గుర్తు పోయింది. అది తెరవకుండానే కనిపిస్తోంది. అందులో మొహం ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. అక్కడ మట్టుకు వాడు తనను పెట్టుకోలేదు. దురైసామి దాన్ని దాటి కిందికి పోయాడు.

పెళ్ళి బ్యానర్ చివరన దొరికింది. నీలం చొక్కా ఫోటో విడిగా ఎక్కడా లేదు, అందులోనే ఉంది. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. మెడలో పెద్ద పెళ్ళిమాల, పక్కన పెళ్ళికూతురి చోట పూలగుత్తి బొమ్మ. కింద తమిళంలో 'పెళ్ళికూతురు కావలెను, అమ్మను సంప్రదించండి' అని ఉంది.

అది చదివి అంబుజం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రం వాడు చూసిపొమ్మన్నది దీన్ని. ఆమె గడప దగ్గరి నుంచి నవ్వును మట్టుకే చూసి వెనక్కి పోయింది. వాడు దేనికి నవ్వించాలనుకున్నాడో ఇప్పుడు తెలిసింది. "దొంగవాడు. నన్ను తగిలించినాడే దీంట్లోకి" అంది. అన్నది తెరతో. శివరామన్ అది గమనించాడు.

"మాల ఉంటే ఉండనీలేమ్మా" అన్నాడు దురైసామి నెమ్మదిగా. "ఎట్లాగూ పటానికి మాల వేస్తారు గదా."

"వద్దు. అది పెళ్ళిమాల. తీసేయి. వాడికి వేసే మాల నేను కడతా."

దురైసామి ఏదో నొక్కాడు. మాల పైకి లేచి మాయమైంది. కింద నీలం చొక్కా చెక్కు చెదరకుండా ఉంది. పై గుండీ ఊడిపోయి, దారం మట్టుకే వేలాడుతోంది. ఆ గుండీ కుడతానని ఆమె అప్పట్లో చాలాసార్లు అంది.

"గుండీ పెట్టమంటావా అమ్మా? నిమిషం పని."

అంబుజం ఆలోచించింది. "వద్దులే. అట్లానే ఉండనీ."

బాలకృష్ణన్ ఒక పాత తెరను బాగుచేసి వాళ్ళకిచ్చాడు. కాలిపోయిన తెరను పాత సామాన్లవాడికి వేసేయమన్నాడు. అంబుజం దాన్ని దుప్పటిలో చుట్టి ఇంటికి తెచ్చుకుని అటక మీద పెట్టింది. అందులో ఏమీ లేదని ఇప్పుడు ఆమెకు బాగా తెలుసు.

సంవత్సరీకం రోజు సందు మొదట్లో బ్యానర్ కట్టారు. కింది మూలలో దురైసామి తన ప్రెస్సు పేరు వేయలేదు, 'జేపీ గ్రాఫిక్స్' అనే వేశాడు. అంబుజం మొదట ఆ మూలే చూసింది. తర్వాత తల ఎత్తి మొహం చూసింది.

ఇంట్లో గోడకు అద్దం కట్టిన పటం తగిలించారు. కర్మ చేయించిన అయ్యవారు లేచి వెళ్ళాక, తను కట్టిన మాల పటానికి వేసి, అంబుజం గంధం గిన్నెతో వచ్చింది. నుదుటి దగ్గర అద్దం మీద వేలు ఆనించబోతుంటే వెనక నుంచి శివరామన్ అన్నాడు.

"చూసుకోమే. అద్దం లోపలికి నీళ్ళు దిగేను."

"గట్టిగానే కలిపినా లే" అంది అంబుజం. గిన్నె ఆయన ముందుకు చాపింది. "ఇందా, నువ్వే పెట్టు."