వినపడదన్న జవాబు

నేను తెలుగు నేల సరిహద్దుకు అవతలే ఉన్న కొంటాలో పుట్టి పెరిగాను. మా నాన్నది బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, కొట్టుకొచ్చే అడవి ఊళ్ల వాళ్లతో వాళ్ల దోర్లీ. డిగ్రీ అయ్యాక నాకు సర్వే పని దొరకడానికి ఆ మూడు భాషలే కారణం. పిల్లల ఎదుగుదల మీద పరిశోధన చేసే ఒక బృందం మా వైపు వచ్చింది. పసిపిల్లల తల్లులకు పెంపకం గురించి ఎంత తెలుసు, తెలిసింది ఎంతవరకు చేస్తున్నారు అన్నది వాళ్లు కొలవాలి.

ఫారంలో రెండు భాగాలుండేవి. మొదటి దాంట్లో ఒక్కో వాక్యం చదివి అవునా, కాదా, తెలియదా అని అడగాలి. రెండో దాంట్లో బిడ్డతో తల్లి పది నిమిషాలు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తూ గళ్లు నింపాలి. శిక్షణలో మాకు పదే పదే చెప్పిన మాట ఒకటే: జవాబు తప్పైనా సరిదిద్దొద్దు, కనీసం తల కూడా ఊపొద్దు. మనం నేర్పితే, మనం నేర్పిందే మళ్లీ కొలుచుకున్నట్టవుతుంది. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది.

గొల్లపల్లి అనే ఊళ్లో ఒక ఇంటికి వెళ్లేసరికి తల్లి వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తోంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆమె కూతురికి ఏడాదిన్నర దాటింది. అత్త గడప మీద కూర్చుని, నేను కోడల్ని అడిగిన ప్రతిదానికీ ముందు తానే జవాబు చెప్పేది.

"పెద్దమ్మా, ఆమెనే చెప్పనీ" అన్నాను రెండు మూడుసార్లు.

"దానికేం తెలుస్తది బిడ్డా? నేను ఆరుగుర్ని సాకిన" అంది.

మూడో వాక్యం ఇది: అప్పుడే పుట్టిన బిడ్డకు తల్లి మాట వినిపిస్తుంది.

"వినపడదు" అంది కోడలు.

తప్పు అని గుర్తు పెట్టాను. మాటలు రాకముందు నుంచే బిడ్డతో మాట్లాడుతుంటే మంచిది అన్న వాక్యానికి కూడా "కాదు" అంది. అదీ తప్పే. తర్వాత ఆట. మేమిచ్చిన సంచిలో చెక్క బిళ్లలు, బొమ్మల పుస్తకం, గిన్నె, గరిటె ఉన్నాయి. ఆమె పాపను నులకమంచం మీద కూర్చోబెట్టి ఒక్క మాటైనా మాట్లాడకుండా ఆడించింది. పాప అటు తిరిగితే మంచంపట్టె గట్టిగా తట్టేది. పాప ఇటు చూడగానే వస్తువును తన ముఖం దగ్గర పెట్టుకుని చూపించేది. వస్తువుల పేర్లు చెబుతుందా? లేదు. బిడ్డను మాటలతో మెచ్చుకుంటుందా? లేదు. అన్నింటికీ సున్నాలు వేసి, ఇద్దరికీ చెప్పి వచ్చేశాను. ఆ రోజు ఇంకా రెండిళ్లు మిగిలి ఉన్నాయి.

పది రోజుల తర్వాత కొన్ని ఇళ్లకు మళ్లీ వెళ్లి అవే ప్రశ్నలు అడగాలి. జవాబులు మారకపోతే ఫారం నమ్మదగినదని లెక్క. అలా రెండోసారి వెళ్లాల్సిన వాటిలో ఆ ఇల్లు కూడా వచ్చింది.

"మొన్న అడిగినవే గదా అక్కా! నేను తప్పు చెప్పిన్నా ఏంది?" అంది ఆ తల్లి.

"తప్పని కాదు. అందరినీ రెండుసార్లు అడుగుతున్నాం."

మూడో వాక్యం చదివాను. "వినపడదు" అంది మళ్లీ. జవాబు మారలేదు. అక్కడితో తర్వాతి వాక్యానికి పోవాలి. ఆమె ముఖంలో మాత్రం తెలియనితనం లేదు, ఖాయంగా తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. అందుకే ఫారంలో లేని ప్రశ్న అడిగాను.

"మరి ఎప్పటి నుంచి వినపడుద్ది?"

"ఏమో అక్కా. మా పాపకైతే ఇంకా వినపడతలే."

కలం పక్కన పెట్టాను. సంచిలోని గిన్నె తీసుకుని పాప వెనక్కి వెళ్లి గరిటెతో కొట్టాను. అత్త ఉలిక్కిపడింది. పాప తల తిప్పలేదు. ఇంకా దగ్గరికి వెళ్లి ఇంకోసారి కొట్టాను. పాప చేతిలోని బిళ్లను నోట్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

"ఎవరికైనా చెప్పినవా?"

"మితానిన్‌కు చెప్పిన. కొందరికి లేటైతది, ఆగు అన్నది." మితానిన్ అంటే మా దగ్గర ఊరి ఆరోగ్య కార్యకర్త.

"దీని తాతకు నాలుగేండ్లకు గాని మాట రాలేదంట. దీనికీ అంతే" అంది అత్త.

మొదటిసారి ఆ మంచం పక్కనే పది నిమిషాలు కూర్చుని చూశాను. నా చూపంతా గళ్ల మీదే ఉంది. ఆమె తన ఒక్క బిడ్డను బట్టి నిజమే చెప్పింది. దాన్ని నేను తెలియనితనం కింద రాసుకున్నాను.

సాయంత్రం మా సూపర్‌వైజర్‌కు చెప్పాను. ఆమె రాయపూర్ అమ్మాయి, మెత్తగా మాట్లాడుతుంది.

"ఆ సున్నాలు మారుస్తాను దీదీ" అన్నాను.

"మార్చకూడదు. నువ్వు చూసింది అదే కదా? కింద వివరం రాయి" అంది హిందీలో. "వినికిడి లోపం ఉంటే ఆ ఫారం మొత్తంగా పక్కన పెడతారు. అది వాళ్లు చూసుకుంటారు. పాపను ఆస్పత్రికి పంపే పని మనం చూద్దాం. ఇందులో నేర్పడమేమీ లేదు" అంది.

అత్తను ఒప్పించడానికి మూడుసార్లు తిరిగాను. చివరికి ఆమెను కదిలించింది నా మాటలు కాదు. ఒక పొద్దున పాప దారిలో కూర్చుని ఆడుకుంటుంటే, వెనక నుంచి ట్రాక్టర్ హారన్ కొడుతూ వచ్చినా లేవలేదట. డ్రైవర్ దిగి పాపను పక్కకు తీశాడట. అది అత్త కళ్లారా చూసింది. మర్నాడే కోడలితో కొంటాకు వచ్చి మా కొట్టు ముందు నిలబడింది. "ఏ బస్సో చెప్పు బిడ్డా" అంది.

జగదల్‌పూర్ ఆస్పత్రికి నలుగురం కలిసే వెళ్లాం. రెండు చెవులూ బాగా తక్కువగా వింటున్నాయని పరీక్షలో తేలింది. చెవికి పెట్టే మిషన్ చేతికి రావడానికి మరో మూడు నెలలు పట్టింది. మొదట్లో పాప దాన్ని పీకి పారేసేది. ఒకసారి బియ్యంలో దొరికిందట, ఒకసారి పెరట్లో.

మొన్న వానాకాలంలో ఆ తల్లి ఒక్కతే పాపను ఎత్తుకుని బ్యాటరీల కోసం జగదల్‌పూర్ వెళ్తూ బస్టాండులో కనిపించింది. అంతకుముందు ఎన్నడూ ఆమె ఒంటరిగా బస్సెక్కలేదు.

"ఏమన్నా మాట్లాడుతోందా?" అని అడిగాను.

"అవ్వ అంటది, దా అంటది. ఇగ ఉరిమితే మాత్రం ఒకటే ఏడుపు అక్కా. నన్ను ఇడువదు" అంది నవ్వుతూ. బస్సు రావడంతో పాప తలకు కొంగు కప్పి ఎక్కేసింది.