కెజియా కుట్టిన రిబ్బను పువ్వులు

కెజియా ప్రూయిట్ దుకాణానికీ మా దుకాణానికీ మధ్య ఒకటే గోడ. మాది టోపీల పని, ఆమెది రిబ్బన్ల పని. మా దగ్గర టోపీ కొన్నవాడు నేరుగా ఆమె గుమ్మం ఎక్కేవాడు. ఫిలడెల్ఫియాలో మా ఫ్రంట్ వీధి రేవును ఆనుకుని ఉండేది కాబట్టి ఓడ దిగిన వార్త ముందు మాకే తెలిసేది, పత్రికల్లో ఆ తరువాత వచ్చేది.

ఇంగ్లీషువాళ్ళతో స్వాతంత్ర్యం కోసం జరిగిన యుద్ధంలో ఆమె తండ్రి తూటా తగిలి పోయాడు. తల్లి ఎక్కువ కాలం బతకలేదు. తమ్ముడు ఏసాను కెజియానే పెంచింది. అతను తెరచాపలు కుట్టేవాడు. నెమ్మదస్తుడు. నలుగురు గుమిగూడిన చోటికి వెళ్ళేవాడు కాదు. రాజకీయాల పిచ్చి అంతా అక్కదే. ఫ్రెంచివాళ్ళు రాజును దించేశారన్న వార్త వచ్చిన దగ్గర్నుంచి ఆమె పత్రిక చదివి తమ్ముడికి వినిపించేది. మన యుద్ధంలో వాళ్ళు మనకు తోడొచ్చారు, వాళ్ళ కష్టంలో మనం ముఖం చాటేస్తామా అని అడిగేది.

పదిహేడు వందల తొంభై మూడు వసంతంలో ఫ్రాన్సు కొత్త ప్రభుత్వం పంపిన రాయబారి మా ఊరికి వచ్చాడు. గంటలు మోగాయి, వీధులు కిక్కిరిశాయి. ఫ్రాన్సు విప్లవం రంగులైన ఎరుపు, తెలుపు, నీలం రిబ్బన్లతో కుట్టిన పువ్వును టోపీకి పెట్టుకోని మగవాడు లేడు. ఆ పువ్వులు సగం ఊరికి కెజియానే కుట్టింది. ఒక సాయంత్రం మా దుకాణంలోనే తమ్ముడి టోపీకి తన చేత్తో ఒకటి గుచ్చింది. అతను తీసేయబోయాడు.

“నాకెందుకక్కా ఈ వేషాలు? రేపు ఇంగ్లీషు ఓడవాడు తెరచాప కుట్టమని పిలిస్తే ఏం చెప్పను?”

“వాళ్ళ తూటాకే మా నాన్న పోయాడని చెప్పు.”

ఏసా టోపీ నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పటికే ఫ్రాన్సుకూ ఇంగ్లాండుకూ యుద్ధం మొదలైంది, మన అధ్యక్షుడు ఆ యుద్ధంలో మనం ఏ పక్షమూ కాదని ప్రకటించాడు. మన పౌరుడెవడైనా అందులో దూరితే శిక్ష తప్పదన్నాడు. రాయబారి దాన్ని లెక్కచేయలేదు. ఇంగ్లీషు సరుకు ఓడలను పట్టుకోవడానికి మన రేవుల్లోనే ఓడలకు ఫిరంగులు ఎక్కించి, మనవాళ్ళనే చేర్చుకున్నాడు. అక్క మాట తీసేయలేక ఏసా అలాంటి ఓడ ఒకటి ఎక్కాడు. మావాడు వెళ్ళాడని కెజియా వీధంతా చెప్పుకుంది. పట్టుకున్న ఓడతో తిరిగి వచ్చిన రోజునే అతన్ని అరెస్టు చేశారు. విచారణలో జూరీలో కూర్చున్నది మా వీధుల మనుషులే. నేరం లేదని వదిలేశారు. జనం అతన్ని భుజాల మీద మోసుకొచ్చారు.

ఆ రోజుతో ఏసా మారిపోయాడు. మాట పెగలనివాడు సభల్లో ఉపన్యాసాలు ఇవ్వసాగాడు. ఊరూ మారింది. ఫ్రాన్సు పక్షం వాళ్ళు తాగే చోట ఇంగ్లాండు పక్షం వాళ్ళు అడుగుపెట్టేవాళ్ళు కాదు. ఇంకో రెండేళ్ళకు ప్రభుత్వం ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చేసుకున్నప్పుడు, ఆ ఒప్పందం కుదిర్చిన పెద్దమనిషి దిష్టిబొమ్మను తగలబెట్టిన గుంపులో ఏసా ముందున్నాడు.

ఈ మధ్యలో ఏసా డోర్కస్ అనే అమ్మాయిని చేసుకుని వేరే కాపురం పెట్టాడు, కెజియా ఎల్నాథన్ క్రూ అనే అతన్ని పెళ్ళాడింది. గోధుమపిండిని దక్షిణాన ఉన్న దీవులకు తీసుకెళ్ళే ఓడలో ఎల్నాథన్ కెప్టెన్ తరువాతివాడు. నవ్వుతాల మనిషి. భోజనాల దగ్గర ఏసా ఉపన్యాసం మొదలుపెడితే, “పిండికి పార్టీ లేదు బామ్మర్దీ, ఎవడి నోట్లోనైనా ఒకేలా కరుగుతుంది, ముందు రొట్టె తిను” అనేవాడు. అతను ఉన్నంత కాలం ఆ ఇంట్లో గొడవలు నవ్వుల్లోనే తేలిపోయాయి.

ఇంగ్లీషువాళ్ళతో ఒప్పందం చూసి ఫ్రెంచివాళ్ళకు మండింది. మన సరుకు ఓడలను పట్టుకోవడం మొదలుపెట్టారు. ఎల్నాథన్ ఓడను వాళ్ళ ఏలుబడిలోని గ్వాడెలోప్ దీవి దగ్గర పట్టుకున్నారు. అక్కడి జైల్లో జ్వరంతో అతను చనిపోయాడు. ఆ ఓడ వంటవాడు బతికి వచ్చి చెబితేగానీ కెజియాకు తెలియలేదు. ఏసా వచ్చి అక్క పక్కన కూర్చుని ఏడ్చాడు. లేచి వెళ్ళబోతూ, ఎవడో దొంగ కెప్టెన్ చేసిన పనికి విప్లవాన్ని ఏమంటామక్కా అన్నాడు. ఓదార్పు అనే అనుకున్నాడు పాపం. ఆమె తల ఎత్తలేదు.

తొంభై ఎనిమిదిలో ఇంకో వార్త దిగింది. మన దూతలు రాజీకి వెళితే ఫ్రెంచి మంత్రి మనుషులు లంచం అడిగారట. నిన్నటిదాకా ఫ్రాన్సుకు జేజేలు కొట్టిన ఊరు యుద్ధం చేద్దామంది. ఇప్పుడు ఫ్రాన్సుకు ఎదురు నిలిచామని చూపే నల్ల రిబ్బను పువ్వులు టోపీలకు వచ్చాయి. కెజియా అవి కుట్టింది. కళ్ళ నీళ్ళతో కుట్టిందని నాకు తెలుసు, చూశాను కాబట్టి.

దేశమంతా ఉపవాసముండి ప్రార్థన చేయాలని అధ్యక్షుడు చెప్పిన రోజున పాత శాసనసభ ఆవరణలో రెండు పువ్వుల వాళ్ళూ కొట్టుకున్నారు. ఏసా నుదురు చిట్లింది. నెత్తురు తుడుచుకుంటూ అక్క గుమ్మానికే వచ్చాడు. నేను మా వాకిట్లో ఉన్నాను.

“ఆ టోపీ అక్కడ పడేసి లోపలికి రా,” అంది కెజియా.

“పడేయను. దీన్ని పెట్టింది నువ్వే.”

“పెట్టింది నేనే, తీయమంటున్నదీ నేనే. నా మొగుణ్ణి చంపినవాళ్ళ గుర్తు నెత్తిన పెట్టుకుని నా గడప తొక్కకు.”

అతను కాసేపు ఆమె వెనకాల బల్ల మీది నల్ల రిబ్బన్లను చూశాడు. “బావ పోయినందుకు కాదులే. బేరం మారింది, రంగు మార్చావు,” అన్నాడు.

ఆమె తలుపు వేసేసింది.

ఆ వేసవి చివర్లో, ఐదేళ్ళ కిందట వేలమందిని చంపిన పచ్చజ్వరం మళ్ళీ ఊరి మీద పడింది. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోయారు. కెజియా, మేమూ ఊరికి దూరంగా జర్మన్‌టౌన్‌లో పక్కపక్క ఇళ్ళలో తలదాచుకున్నాం. కదలలేని పేదవాళ్ళను నది ఒడ్డున డేరాల్లోకి మార్చారు. అక్కడ భార్యతో ఉన్న ఏసా జ్వరంతో పడిపోయాడని పాలు పోసే మనిషి కెజియాకు చెప్పింది.

“నన్ను రమ్మన్నాడా?” అని అడిగింది.

“రమ్మనలేదమ్మా, నేనే చెబుతున్నాను.”

పిలిస్తే వెళ్దామని ఆమె ఆగింది. నేను వెళ్ళమని చెప్పాను, మా ఆవిడా చెప్పింది. పిలవనీ అంది. చివరికి ఒక పొద్దున తనంతట తానే రొట్టె, దుప్పటి మూటగట్టుకుని బయలుదేరింది. డేరా ఖాళీగా ఉంది, డోర్కస్ కూడా లేదు. అందరినీ కలిపి పూడ్చిన గోతిలో అతనెక్కడున్నాడో చూపించగలవాళ్ళు లేరు.

తరువాత రెండేళ్ళకు మన ప్రభుత్వం, ఫ్రెంచి ప్రభుత్వం సంతకాలు చేసి గొడవ ముగించుకున్నాయి. ఓడలు మళ్ళీ తిరిగాయి. ఆ వెనకాలే ఏసా ఏ పక్షం కోసం గొంతు చించుకున్నాడో ఆ పక్షమే ఎన్నికల్లో గెలిచింది. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసిన రోజు మా ఊళ్ళో గంటలు మోగుతుంటే ఏసా భార్య డోర్కస్ ఇంటికి కెజియా వెళ్ళింది. తోడుగా మా ఆవిడ కూడా వెళ్ళింది. ఆమె చెప్పగా విన్నదే ఇది.

డోర్కస్ కిటికీ మూసి పిండి కలుపుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కెజియా చేతులు కడుక్కుని రెండో ముద్ద తీసుకుంది. పిసుకుతూ, పోయే ముందు వాడు నన్నేమైనా తలుచుకున్నాడా అని అడిగింది.

డోర్కస్ అబద్ధమాడే మనిషి కాదు. “లేదు వదినా,” అంది. “నీళ్ళు అడిగాడు. ఇంకేమీ అడగలేదు.”

కెజియా తల ఊపి, పిండి కలపడం పూర్తిచేసింది. ఆ తరువాత బతికినంత కాలం ప్రతి ఆదివారం ఆ ఇంటికి వెళ్ళేది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళు. ఏసా మాట మళ్ళీ ఎత్తలేదట.