కాక చూసిన కథ

డిండోలి బస్తీల మా పక్క గదిల ఉండే కాకకు బట్టలు నేసే సాంచెల మోతకు చెవులు పోయినయ్. పెదవులు చూసే మాట పట్టేటోడు. పనినుంచి రాంగనే ఫోన్ల పిల్లల కథ పెట్టేటోడు. ఎగిరే గుర్రమెక్కి రాక్షసుని కోటకు పోయే పిల్ల కథ. ఫోన్ల ఎవలో కథ చదువుతుంటే, ఆయన బిడ్డ ఎదురుంగ కూసొని అవే మాటలు పెదవులతోని చెప్పేది. కాక మురిసిపోయేటోడు.

మొన్నటి వానకాలం ఆ పిల్ల డెంగీతోని పోయింది.

అయినా రోజూ కథ పెట్టుడు ఆపలే. ఎవలు ఇంటున్నరని పెడుతున్నవ్ కాకా, అని అడగబుద్దయ్యేది. ఒకనాడు చూడలేక నేనే ఎదురుంగ కూసొని పెదవులు ఆడించిన. గుర్రం కోటమీద దిగేదాంక నన్నే చూసిండు.

"జర ఆగు కొడుకా," అన్నడు. "గీడికి రాంగనే మా పిల్ల భయపడేది."

కండ్లు మూసుకున్నడు. ఫోన్ల కథ నడుస్తనే ఉంది.