ముగ్గుపిండితో గీసిన హాలు

నాకు సంతకం వరకే వచ్చు. అందులోనూ చివరి అక్షరం దగ్గర చెయ్యి తిరగదు. అందుకని నేను చెబుతున్నాను, నా కోడలు రాస్తోంది. తన గురించి ఏం చెప్పినా మార్చకుండా రాయాలని ముందే మాట తీసుకున్నాను. సరేనంది. చూద్దాం.

మా ఇంటి హాలు సంగతి ఇది. ఇప్పుడు హాలు అంటున్నాం గానీ మొన్నటి వరకు అది ముందు గది, అంతే. గుత్తి వైపు ఊళ్లలో పాత ఇళ్లు ఎట్లా ఉంటాయో మాదీ అట్లాగే. రాతి గోడలు, మట్టి మిద్దె, కింద నాపబండలు. వాకిలి దాటి లోపల అడుగు పెడితే ఎడమ చేతి వైపు ఒక మూల ఉంటుంది. ఆ మూల నాది.

నాదని కాగితం ఏమీ లేదు. మా ఆయన పోయినప్పుడు నన్ను అక్కడ కూర్చోబెట్టారు. మా వాళ్లలో అంతే, పదకొండు రోజులు ఆ చోటు వదిలి కదలకూడదు. మొగుడు పోయిన ఆడదాన్ని ఒంటరిగా ఉంచకూడదని వీధిలో ఆడవాళ్లు వచ్చి పక్కన కూర్చునేవారు. మొదటి రెండు రోజులు అందరూ ఏడ్చారు. మూడో రోజు ఒకామె ఊరికే కూర్చోవడం చేతగాక చాటలో శనక్కాయలు తెచ్చుకుంది. విత్తనాల రోజులు మరి. మిషన్లో వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు. అందుకని విత్తనం కాయలు చేత్తోనే ఒలవాలి. మరుసటి రోజు అందరి చేతుల్లోనూ చాటలే. నా చేతికీ ఒకటి ఇచ్చారు. ఏడవడం ఎప్పుడు ఆపానో నాకే గుర్తు లేదు.

పదకొండు రోజులు అయిపోయాయి, నేను లేచి పనుల్లో పడ్డాను. వాళ్లు మాత్రం రావడం మానలేదు. నాలుగేళ్లుగా మధ్యాహ్నం అన్నం తిన్నాక నలుగురు ఆడవాళ్లు వచ్చి ఆ మూలలో నా చుట్టూ కూర్చుంటారు. కాయలుంటే కాయలు ఒలుస్తాం. లేకపోతే చింతపండు గింజలు తీస్తాం. అదీ లేకపోతే ఊళ్లో వాళ్ల సంగతులు ఒలుస్తాం.

ఇక నా కోడలి బాధ కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఆమె గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది. ఒకసారి ఆఫీసు వాళ్లు ముగ్గురు ఇంటికొచ్చారు. కూర్చోవడానికి ఉన్నది ఒక్క నులక మంచం. ముగ్గురూ కూర్చునేసరికి నులక సాగి, నడుమకు జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. నడుమ ఉన్నది వాళ్ల పై ఆఫీసరమ్మ. చేతిలో టీ కూడా ఉంది. ఆ చీర మీది మరక సంగతి నా కోడలు నెల రోజులు తలుచుకుంది. "హాలు బాగు చేయించాల్సిందే" అంది. నా కొడుకు లారీ తోలుతాడు, వారంలో రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. ఫోన్లో అడిగితే "మీరిద్దరూ ఎట్ల తేల్చుకుంటారో తేల్చుకోండి, నన్ను ఇరికించొద్దు" అన్నాడు. తెలివైనవాడే.

కోడలితో చదువుకున్న పిల్ల ఒకతె అనంతపురంలో ఉంటుంది. ఇళ్ల లోపల ఏది ఎక్కడ ఉండాలో, ఏ గోడకు ఏ రంగు వేయాలో చెప్పడమే ఆ పిల్ల పని. అదొక చదువట. స్కూటీ మీద వచ్చింది. ఎండకు ముఖమంతా చున్నీ చుట్టుకుంది, చేతులకు తొడుగులు. విప్పేదాకా ఆడో మగో తెలియలేదు. పలకంత ఫోను తీసి మా హాలు బొమ్మ చూపించింది. ఇంగ్లీషు ఎల్లు అక్షరంలా మూలలో వంపు తిరిగే సోఫా, గాజు టీపాయి, గోడంతా టీవీకి చెక్క పని, మిద్దె కింద ఇంకో తెల్లటి మిద్దె, అందులో దీపాలు.

"ఇది ఎవురి ఇల్లు పాపా?" అన్నాను.

"మీదే పెద్దమ్మా."

"మాదైతే నేను యాడుండా?"

"ఇంకా మనుషుల్ని పెట్టలేదు పెద్దమ్మా. గది ఒక్కటే."

వాకిలి ఎక్కడో అడిగి వేలితో వెతుక్కున్నాను. నా మూలలో సోఫా వంపు తిరిగింది. వాకిలి పక్కన చెప్పులు పెట్టుకునే పెట్టె.

"నీకు మెత్తటి కుర్చీ ఒకటి చెప్పినాను అత్తా" అంది కోడలు. "గోడకుండే గాంధీ బొమ్మ పక్కన."

"మిగతా నలుగురికి?"

"సోఫా మీద కూర్చోరా?"

"సోఫా మీద కూర్చోని కాయలు ఒలిస్తే పొట్టు యాడ పడుతుంది?"

ఆమె కాస్త ఆలోచించి, "కాయలు ఎనక రేకుల కింద ఒలుచుకోవచ్చు కదా అత్తా, అంత జాగా ఉండాది" అంది.

మా ఎండలకు మధ్యాహ్నం పూట రేకుల కింద పిల్లి కూడా పడుకోదు. నలుగురూ నా కోసం రెండు రోజులు వస్తారు. మూడో రోజు ఒకరికి నడుము నొప్పి, ఇంకొకరికి పని. తర్వాత మధ్యాహ్నాలు నేనూ గోడా ముఖాలు చూసుకోవాలి. ఇది నా కడుపులో ఉన్న మాట. బయటికి చెప్పింది వేరే మాట.

"ఫోన్లో బొమ్మ నాకు తెలీదు పాపా. నేల మీద గీయి."

మా దగ్గర మేస్త్రీ ఇల్లు కట్టే ముందు తాడు లాగి, ముగ్గుపిండితో గదుల కొలతలు నేల మీద పోస్తాడు. ఇంటామె ఆ గీతల మధ్య నడిచి చూస్తుంది. వంటిల్లు చాలదంటే అక్కడే కాలితో చెరిపి మళ్లీ పోస్తాడు. ఆ పిల్లకు ఈ పద్ధతి నచ్చింది. ఇంటి పక్కన ఖాళీ జాగాలో టేపు పట్టింది. కోడలు తాడు రెండో కొస పట్టుకుంది, నేను పిండి పోశాను. నా గీత తిన్నగా వచ్చింది, ఆ మాట కూడా రాయి. గది అంతా పోశాం. వాకిలికి సందు వదిలాం. లోపల సోఫాకి, టీవీకి, టీపాయికి గీతలు పోశాం. నేను లోపలికి పోయి ఎడమ మూలలో నిలబడి, నాలుగు అడుగులు అటు ఇటు వేసి చూసుకుంటున్నాను.

అప్పుడే వరసకు మా వదిన అయ్యే ఆమె, ఆ నలుగురిలో పెద్దది, మేకకు ఆకు పట్టుకుని అటు పోతూ చూసింది. పలకరించలేదు. గీతల వైపు చూసింది, నా వైపు చూసింది, కోడలి చేతిలో తాడు చూసింది, గబగబా పోయింది. నేను పట్టించుకోలేదు.

మా ఊళ్లో కొడుకులు తల్లిని వేరు పెట్టాలనుకుంటే ఇంటి పక్కనే ఒంటి గది కట్టిస్తారు. ఒక మంచం, ఒక పొయ్యి పట్టేంత. దానికీ ఇట్లాగే ముగ్గు పోస్తారు. అది నాకు తట్టనే లేదు.

కాసేపటికి నలుగురూ వచ్చారు. ముందు మా వదిన, చేతిలో ఆకు అట్లాగే ఉంది.

"ఏమ్మే, ముండమోసిందని దీన్ని బయటేస్తాండావా?" అంది నా కోడలితో. "మొగుడు పోయి నాలుగేండ్లే అయినాది, అప్పుడే ఒంటి గది కావాల్సొచ్చినాదా?"

"ఉద్యోగం చేస్తే పెద్దదానివైపోతావా?" అంది ఇంకొకామె.

"గది చూడండి మే, కాళ్లు చాపితే గోడ తగుల్తాది!" అంది మూడో ఆమె, సోఫా గీత చూపించి.

"ఈ డబ్బా ఏంది, స్నానాలకా?" అంది చివరామె, టీపాయి గీత చూపించి.

నలుగురూ గీతలు దాటి లోపలికి వచ్చి కూర్చున్నారు. "మేం లేయం. యాడ తవ్వుతారో తవ్వండి" అంది మా వదిన. ఆ పిల్ల టేపు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

నేను ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. ఊరు నా వైపు నిలబడి అరుస్తుంటే ఆ కాసేపు నాకు బాగుంది. నా మూల లాక్కుంటున్నారు కదా, నాలుగు తిట్లు పడనీ అనుకున్నాను. నిజం ఇదే. ఇక్కడ నా కోడలు రాయడం ఆపింది. రాయి మే, నిన్నేమీ అనడం లేదు, నన్నే అనుకుంటున్నాను.

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అత్తా, నువ్వన్నా చెప్పు" అంది.

అప్పటికి నాకే సిగ్గేసింది. "గమ్మునుండండి మే" అన్నాను. "నాకు కట్టే గది కాదు ఇది. మా హాలు. సోఫా యాడొస్తాదో చూసుకుంటాండాం."

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సోఫాకా ఇంత ముగ్గు?" అంది మా వదిన.

"అవును."

"అయితే నేనిప్పుడు యాడ కూర్చున్నా?"

"సోఫా మీదే" అంది డిజైన్ పిల్ల.

"మెత్తగా లేదే పాపా!"

ముందు ఆ పిల్లే నవ్వింది. తర్వాత నలుగురూ నవ్వారు. నా కోడలు మాత్రం నవ్వలేదు.

నవ్వు ఆగాక ఆ పిల్ల గీతల వైపు చూసి, "ఇంత గది ఖాళీగా ఉంటే అందరూ ఈ మూలలోనే ఏంటికి ఇరుక్కున్నారు?" అని అడిగింది.

"ఈమె ఈడ నిలబడుకోనుండాది" అంది మా వదిన, నన్ను చూపించి. "ఈమె పక్కన కాక యాడ కూర్చుంటాం?"

ఆ పిల్ల సోఫా వంపును కాలితో చెరిపేసింది.

ఆ సాయంత్రం కోడలు నాకు అన్నం పెట్టింది. ఎప్పటికన్నా ఎక్కువే పెట్టింది, మాట మాత్రం లేదు. సగం తిన్నాక నేనే అన్నాను.

"తప్పు నాదే మే."

"నేను నిన్ను బయటేస్తాననుకున్నావా అత్తా?"

"అనుకోలేదు."

"మరి ఏంటికి గమ్మునున్నావు?"

"మూల పోతాదని భయమేసినాది. ఆడ నలుగురొచ్చి కూర్చుంటే నాకు ధైర్యం."

"ఆ మాట నాతో చెప్తే నేను కాదంటానా?"

"ముసలిదానికి పాత బండల మీద మోజు అంటావనుకున్నా."

"నీ మీద ఒట్టు, అనేదాన్నే" అంది. "కానీ తర్వాత ఇనేదాన్ని కదా."

హాలు పని నెలన్నర పట్టింది. ఎల్లు సోఫా పోయి ఎదురు గోడకు వంపు లేని సోఫా వచ్చింది. టైల్స్ వద్దన్నాం. పాత నాపబండలనే మిషను పెట్టి నున్నగా రుద్దించారు, ఎండాకాలం కాలు పెడితే చల్లగా ఉంటుంది. చెప్పుల పెట్టె వాకిలి బయటికి పోయింది. గాజు టీపాయి మానుకున్నాం. నా మూల ఖాళీగా వదిలి, పైన ఒక దీపం పెట్టించింది ఆ పిల్ల, పుచ్చు గింజ కనబడాలని. సోఫా బట్ట దగ్గర మాత్రం అత్తాకోడళ్లం మళ్లీ కొట్లాడాం. ఆమె మీగడ రంగు అంది. మా ఊళ్లో గాలి లేస్తే మీగడ రంగు ఎంతసేపు ఉంటుంది? మా మట్టి ఏ రంగో సోఫా కూడా ఆ రంగే వేయించాను. ఇప్పుడు దుమ్ము పడినా ఎవరికీ తెలియదు.

ఆఫీసరమ్మ కూడా వచ్చి కూర్చుని పోయింది. ఈసారి ఎవరి మీదా పడలేదు.

కొత్త హాల్లో మొదటి మధ్యాహ్నం నలుగురూ చాటలతో వచ్చారు. రెండుసార్లు కాళ్లు కడుక్కున్నారు. నేను నా మూలలో గోనెపట్ట పరిచి, పక్కన జాగా తుడిచి పెట్టాను. మా వదిన వాకిట్లో నిలబడి అంతా చూసింది. చక్కగా నడుచుకుంటూ పోయి సోఫా మీద కూర్చుంది.

"ఈడికి రా వదినా!"

"రాను మే. మోకాళ్లు నేల మీదికి దిగితే మళ్లీ లేయవు. ఇన్నేండ్లూ నీ కోసం ఓర్చుకున్నా."

ఆమె వెనకే ఇద్దరు ఎక్కారు. నాలుగో ఆమె గాంధీ బొమ్మ పక్కన మెత్తటి కుర్చీ చూసుకుంది. చాటలు ఒళ్లో పెట్టుకుని కాయలు ఒలుస్తున్నారు, పొట్టు దర్జాగా నున్నటి బండల మీద పడుతోంది. వీళ్ల కోసం నేను ఊరి చేత కోడలిని తిట్టించి కాపాడిన మూలలో నేను ఒక్కదాన్నే.

"దిగండి మే, సిగ్గు లేదా?"

"సోఫా బాగుండాది మే. రంగు కూడా మంచిది తెచ్చినావు."

ఆ రోజు కోడలు ఆఫీసు నుంచి తొందరగా వచ్చింది. వాకిట్లో ఆగి, నిండిపోయిన సోఫాను చూసింది, పొట్టును చూసింది. ఏమంటుందోనని నేను తల ఎత్తలేదు. సంచి పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, వచ్చి నా పక్కన కింద కూర్చుంది.

"పైన కూర్చోరాదా?" అన్నాను.

"యాడుండాది జాగా?"

నా చాటలోంచి గుప్పెడు కాయలు తీసుకుంది. ఒలవడం రాదు, పది కాయలకే గోరు ఎర్రబడింది. వేలి కణుపుతో ఎట్లా నొక్కాలో చూపించాను. ఒలుస్తూ ఒలుస్తూ ఆఫీసు సంగతి ఎత్తింది. ఎవరో పింఛను కోసం వచ్చి అరిచాడంట, ఆఫీసరమ్మ ఈమె మీదికి తోసేసి లోపలికి పోయిందంట, బాత్రూంలోకి పోయి ఏడ్చి ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ పని చేసిందంట. పెళ్లయి ఆరేళ్లలో ఆఫీసు గురించి నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నేను చాట ఆమె వైపు కాస్త జరిపాను.

పైన సోఫా మీద ఒలవడం ఆగిపోయింది.

"రవ్వంత గట్టిగా చెప్పు మే" అంది మా వదిన. "ఈడికి ఇనపడదు."