తుడవని పలక

నిన్న పొద్దున మా గేటు ముందు వీధి పెదనాయన రెండు ఖాళీ బిందెలతో నిలబడ్డాడు. చుట్టరికమేమీ లేదు, మార్కాపురంలో మా వీధంతటికీ ఆయన పెదనాయనే. నాలుగు రోజులుగా ట్యాంకర్ రాలేదు, ఆయన బోరు ఎండింది, మాది పోస్తోంది. "అమ్మాయ్, రెండు బిందెలు పట్టుకుంటా" అన్నాడు. నేను మోటారు వేయకుండా లోపలికి వెళ్లి ట్రంకుపెట్టె అడుగు నుంచి పలక తీశాను.

పలక ఆయనదే. పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, చేతిరాత చక్కగా ఉంటుంది. కరోనా ఏడాది మా అత్తకు పాజిటివ్ వచ్చిన సాయంత్రమే, "ఈ ఇంటికి నీళ్లు లేవు" అని బలపంతో రాసి మా గేటుకు తగిలించాడు. మున్సిపాలిటీ ఆఫీసు వాళ్లు అప్పటికే గేటుకు అడ్డంగా తాడు కట్టి, బయటికి రావద్దని చెప్పి పోయారు. అది న్యాయమే. తాడు కట్టినవాళ్లు దాని ముందు ఒక బిందె కూడా పెట్టాలి కదా! ఆ మాట ఎవరికీ తోచలేదు. మా ఆయన పామూరులో చిక్కుకుపోయారు, ఇంట్లో నేనూ అత్తే. మాకు అప్పటికింకా బోరు లేదు, ట్యాంకర్ నీళ్లే దిక్కు. పెదనాయన మూడు మాస్కులు పెట్టుకునేవాడు, ఒక్కటీ ముక్కు మీద ఉండేది కాదు. ట్యాంకర్ పైపు మాత్రం వదిలేవాడు కాదు. "నువ్వు రాగాకు! మీ బిందె తగిలితే వీధంతా అంటుకుంటాది" అని అరిచేవాడు.

"ఒళ్లు మండిపోతాంది, తడిబట్టతో తుడువమ్మే" అంది అత్త రెండో రోజు. తాగడానికే చెంబెడు మిగిలాయి. తుడవలేదు. నీళ్లుంటే బతికేదని నేను అనను, కానీ అడిగింది ఆ ఒక్కటే. మూడో పొద్దున ఎదురింటి సాయిబులావిడ, మేం ఖాలా అని పిలిచే ఆమె, గడప దగ్గర బిందె పెట్టి దూరంగా నిలబడింది. "భయమై రెండ్రోజులు రాలేదు బేటీ, మాఫ్ చెయ్యి" అంది. అత్త పోయి అప్పటికి గంటైంది. ఖాలాను ఆ నిమిషమే మన్నించాను. భయం ఎవరికి లేదు?

"ఏందిది?" అన్నాడు పెదనాయన.

"నువ్వు రాసిందే. చదువు."

"కళ్లజోడు తేలేదమ్మా."

వీధి ఆడవాళ్లందరికీ వినబడేట్టు నేనే చదివాను. కడుపు చల్లబడింది, దాచుకోవడమెందుకు! తర్వాత మోటారు వేసి రెండు బిందెలూ నింపాను. నీళ్లు ఆపడం ఆయన పని, నాది కాదు. ఆయన నిండు బిందెలో చెయ్యి ముంచి పలక కోసం చాపాడు.

"ఎప్పటిదో లే. ఇటియ్యి, తుడిచేస్తా."

"మా అత్త ఒళ్లు తుడవడానికి లేని నీళ్లు దీనికెందుకు పెదనాయనా?" అని పలక లాక్కున్నాను.

ఆయన బిందెలెత్తుకుని పోయాడు. మాఫీ మాత్రం నోట రాలేదు. పలకను మళ్లీ గేటుకే తగిలించాను, ఆయన వాకిలి వైపు తిప్పి. రోజూ నీళ్లకొస్తాడు, రోజూ చదువుకుంటాడు. కాలం అన్నీ చెరిపేస్తుందంటారు. చెరపనీ, ఈ రాతను కడిగే వాన మా వైపు పడడానికి ఇంకా చాలా రోజులున్నాయి.