నా కాలు, ఆయన నడుం

శనివారం పదకొండు గంటలకు ఏలూరులో కైరోప్రాక్టర్ దగ్గర మా ఆయనకు టైము ఇచ్చారు. తణుకులో ఉంటున్న మా అమ్మాయి ఫోనులో వెతికి పట్టుకున్న డాక్టరు ఈయన. మందులివ్వడు, కొయ్యడు, చేతులతోనే ఎముకలు సర్ది పంపిస్తాడని చెప్పింది. మంగళవారం పొద్దున్నే ఆ డాక్టరు దగ్గర్నుంచి నా ఫోనుకి ఒక జాబితా వచ్చింది. వదులు బట్టలు వేసుకుని రావాలి. కడుపు నిండా తిని రాకూడదు. పాత ఎక్స్‌రేలుంటే తేవాలి. రోజూ తొడుక్కునే చెప్పులతోనే రావాలి. చివర ఒక ఫారం ఉంది, అది నింపి ముందే పంపాలి.

"పెళ్లిచూపులప్పుడు మీ వాళ్లు కూడా ఇన్ని షరతులు పెట్టలేదే," అన్నారు మా ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని.

హాస్యానికేం లోటు లేదు. కానీ మూడు వారాలుగా ఆయన కుడికాలు తిమ్మిరెక్కి ఉంటోంది. నడుం దగ్గర మొదలై పిక్క మీదుగా బొటనవేలి దాకా దిగుతోంది. ఒకరోజు చెరువు దగ్గర్నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది గట్టు మీద ఎక్కడో జారిపోయిందని నేను చూపిస్తేగాని ఆయనకు తెలియలేదు. మాది గుండుగొలనుకి దిగువన, కొల్లేరు వైపు ఊరు. నాలుగెకరాల వరి, రెండెకరాల చేపల చెరువు మా బతుకు. ఆ గట్టు మీద తిరగలేని మనిషిగా ఆయన్ని ఊహించుకోవడం నా వల్ల కాలేదు. భయమేసింది. నాకు భయమేస్తే కోపమొస్తుంది. అందుకని ఆ వారమంతా ఇంట్లో అందరి మీదా, అంటే ఆయనొక్కరి మీదా, అరుస్తూనే ఉన్నాను.

పాత ఎక్స్‌రే ఒకటి ఉండాలి. ఎప్పుడో మోటారు సైకిలు మీంచి పడ్డప్పుడు తీయించింది. బీరువా మీద చూశాను, పరుపు కింద చూశాను, చివరికి ధాన్యం గదిలో దొరికింది, అది కూడా రెండు ముక్కలు. సూర్యగ్రహణం నాడు దాన్ని కత్తెరతో కోసి వీధిలో వాళ్లకి తలో ముక్కా పంచిన మహానుభావుడు ఆయనే. గ్రహణం విడిచాక తిరిగొచ్చినవి ఆ రెండే. "ఇందులో వెన్నుపూస బాగానే కనిపిస్తోందిగా, ఇదే పట్టుకెళ్దాం," అని వెలుతురుకి పెట్టి చూపించారు. చూస్తే అది మోకాలు.

బట్టల దగ్గర ఇంకో పేచీ. ఆయనకున్నవి తెల్ల పంచెలు, ఇంట్లో కట్టుకునే లుంగీలు. లుంగీతో డాక్టరు బల్ల ఎక్కితే మర్యాదగా ఉండదని బుధవారం నేనే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లి, ఎలాస్టిక్ పట్టీ ఉన్న నైట్ ప్యాంటు ఒకటి కొనుక్కొచ్చాను. అది వేసుకుని అద్దం ముందు నిలబడి, "ఈ వయసులో నాచేత క్రికెట్ ఆడించేలా ఉన్నావు," అన్నారు. అయినా సాయంత్రం దాకా విప్పలేదు.

గురువారం మధ్యాహ్నం ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాం. నేను చదవడం, ఆయన చెప్పడం. వయసు, బరువు, షుగరు, బీపీ అన్నీ అయ్యాయి. నొప్పి ఎలా మొదలైంది అని ఉంది.

"చెరువు గట్టు మీద జారిపడ్డానని రాయి," అన్నారు. రాశాను.

తర్వాతి ప్రశ్న ఇది: ఇంతకుముందు ఎవరైనా మీ నడుమును నొక్కడం, విరవడం, తొక్కడం చేశారా? ఎవరు, ఎప్పుడు?

"తొక్కడం కూడా రాశాడు చూడు. డాక్టరు మన వైపు వాడే," అని నవ్వారాయన. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే తొక్కింది నేను.

నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావలసింది, కాళ్లు ముందొచ్చాయి. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. ఐదారేళ్ల వయసు నుంచి నాకదే ఉద్యోగం. పొద్దున్నే ఎవరో ఒకరు నడుం పట్టుకుని వచ్చి చాప మీద బోర్లా పడుకునేవారు. కుడికాలితో మూడుసార్లు తొక్కి దిగేదాన్ని. అత్తారింటికి వచ్చేసరికి ఆ పేరు నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఏలూరులో తివాచీలు నేసే ముసలాయన ఒకరు ఏటా రెండు మూడుసార్లు బస్సు దిగి వచ్చేవారు. మగ్గం ముందు కూర్చుని కూర్చుని ఆయన నడుం కొయ్యబారిపోయేది. "నీ కాలు చల్లగా ఉండాలి తల్లీ," అని దీవించి వెళ్లేవారు. చిన్నప్పుడు నేను బియ్యం బస్తాలో సగం ఉండేదాన్ని. ఇప్పుడు డెబ్బై నాలుగు కేజీలు. పాదాలు అవేగా అనుకున్నారుగానీ, వాటి మీద ఎంత మనిషి నిలబడుతోందో ఎవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు.

మూడు వారాల కిందట ఆదివారం నాడు తవుడు బస్తా ఎత్తబోతే ఆయన నడుం పట్టేసింది. ఎప్పటిలాగే చాప పరుచుకుని, "ఓసారి తొక్కవే," అన్నారు. ఆ రోజు నేను మంచి కోపం మీద ఉన్నాను. తాడేపల్లిగూడెంలో మా అక్కకి కంటి ఆపరేషన్ అయింది. తీసుకెళ్లమని నాలుగు రోజులుగా అడుగుతున్నాను. "కంటికి గంత కట్టుకున్న మనిషికి మనం వెళ్లినా ఒకటే, వెళ్లకపోయినా ఒకటే," అని ఆ పొద్దున్నే నవ్వుతూ అన్నారు. నడుం మీద కాలు పెట్టినప్పుడు ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది. మొదటి అడుగు మామూలుగానే వేశాను. రెండో అడుగులో నా బరువంతా వేశాను. కావాలనే వేశాను. లోపల టక్కుమంది. "సర్దుకుంది," అన్నారాయన. మర్నాటికి కాలు తిమ్మిరి.

ఊళ్లో ఎవరడిగినా గట్టు మీద జారానని చెప్పుకొచ్చారు. అలా ఎందుకు చెబుతున్నారని నేను అడగలేదు. అడిగితే నా సంగతి బయటపడుతుందని నోరు కట్టేసుకున్నాను.

"ఎవరూ తొక్కలేదని రాసెయ్," అన్నారు ఫారం వైపు చూస్తూ. రాసి పంపేశాను.

సాయంత్రం, వాళ్ల నాన్నగారికి ధైర్యం రావాలని మా అమ్మాయి ఒక వీడియో పంపింది. అందులో ఒక డాక్టరు లావుపాటి మనిషిని పక్కకి తిప్పి, నడుం మీద చెయ్యి ఆనించి, ఒక్క ఊపు ఊపాడు. టక్కుమంది. సరిగ్గా నేను కాలు వేసిన చోటే. ఆ మనిషి హాయిగా నవ్వుతున్నాడు, నేను మాత్రం ఫోను బోర్లా పెట్టేశాను. జారిపడ్డ నడుమే కదా అని ఏలూరు డాక్టరు కూడా అక్కడే నొక్కితే? నా పేరు నిలబెట్టుకోవడానికి ఆయన కాలు పోగొడతానా? పెరట్లోకి వెళ్లి ఫోను చేశాను.

డాక్టరే ఎత్తాడు. గొంతు బట్టి చిన్నవాడే. కోపం సంగతితో సహా అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"అమ్మా, ఫోను స్పీకర్లో పెట్టి ఆయన దగ్గరికి వెళ్లండి. కుడి బొటనవేలి మీద చెయ్యి పెట్టి కిందికి నొక్కండి. ఆయన్ని పైకి ఎత్తమనండి. ఎత్తగలుగుతున్నారో లేదో చెప్పండి."

మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయన పాదం పట్టుకున్నాను.

"ఏంటే ఇది, పాదపూజా?"

"మాటలాపి వేలెత్తండి."

ముందు కదల్లేదు. తర్వాత మెల్లగా, నా చేతిని తోసుకుంటూ లేచింది. ఎడమ వేలంత బలంగా లేదు, కానీ లేచింది. అదే చెప్పాను.

"మంచిది. అయితే శనివారం నేను నడుం ముట్టుకోనండి. ముందు స్కాన్ తీయించి నరాల డాక్టరుకి చూపిద్దాం. ఈలోగా కాలు బొత్తిగా లేవకపోయినా, మూత్రం ఆగినా శనివారం దాకా చూడకండి, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లిపోండి. మీరు తొక్కిన సంగతి చెప్పారు కాబట్టి సరిపోయిందమ్మా," అని పెట్టేశాడు.

స్పీకర్లో వచ్చిందంతా ఆయన విన్నారు. ఇక దాచేదేముంది.

"రెండో అడుగు కోపంతో వేశానండీ," అన్నాను.

"తెలుసు."

"తెలిసీ, గట్టు మీద జారానని ఊరంతా ఎందుకు చెప్పారు?"

"మొగుడి నడుమే పాడుచేసిన కాలంటే ఇంకెవరొస్తారే నీ దగ్గరికి?"

"రాకపోతే పోయె! వచ్చి నాకేం ఒరగబెట్టారు?"

"ఏమీ లేదనుకో. కానీ వచ్చినవాళ్లు తిన్నగా నడుచుకుంటూ వెళ్లాక, నువ్వు ఆ పూటంతా నవ్వుతూ తిరుగుతావు. నాకు అది చూడ్డం ఇష్టం."

ముప్ఫై మూడేళ్ల కాపురంలో ఆయన నాతో ఇంత మాట ఎప్పుడూ అనలేదు. పట్టరాని ఏడుపొచ్చింది. ఆ కాలు పట్టుకునే ఏడ్చాను. కాసేపటికి ఆయనే అన్నారు, "ఫారం మళ్లీ నింపు. మా ఆవిడ తొక్కింది, నేనడిగితేనే తొక్కింది, అని రాయి. కోపం సంగతి అక్కర్లేదు." అది డాక్టరుకి అప్పటికే చెప్పేశానని నేను చెప్పలేదు.

స్కాన్‌లో నరం నొక్కుకుంటోందని తేలింది. మందులతో, వ్యాయామాలతో తిమ్మిరి కొద్దికొద్దిగా దిగుతోంది. కర్ర పట్టుకుని గట్టు మీదికి వెళ్లొస్తున్నారు. నడుం పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. మంచినీళ్లిచ్చి, ఇక తొక్కనని చెప్పి, ఏలూరు డాక్టరు నంబరు రాసిచ్చి పంపిస్తున్నాను. వాళ్లు అలా వంగిన నడుంతోనే గేటు దాటుతుంటే, కుర్చీలో కూర్చున్న ఆయన నా మొహంకేసి చూస్తారు. నేను గబుక్కున వంటింట్లోకి వెళ్లిపోతాను.