రెడ్ లైట్ దగ్గర రెండో కాలు

అమెరికాలోని క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ వస్తువు మొరాయించినా ముందు దివాకర్‌కి ఫోన్ వెళ్తుంది. అలాగని ఆయన మెకానిక్ కాదు. మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. కానీ చెడిపోయినదాన్ని బాగుచేయకుండానే దానితో పని కానిచ్చే విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. డిష్‌వాషర్ తలుపు పట్టకపోతే కుర్చీ ఆనించమంటాడు. గరాజ్ తలుపు సగంలో ఆగితే చీపురుకర్రతో ఒక్క పోటు పొడవమంటాడు. ఆఫీసులో ప్రోగ్రామ్ తప్పు చేస్తోందని ఎవరైనా గగ్గోలు పెడితే, "తప్పు తర్వాత చూద్దాం, ఈలోగా ఈ బటన్ రెండుసార్లు నొక్కండి" అంటాడు. ఆ "తర్వాత" అనేది ఎప్పుడూ రాదు.

"మా ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక ఉపాయం ఉందండీ, సరిగ్గా పనిచేసే వస్తువే లేదు" అని ఆయన భార్య విద్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతుంది. దివాకర్ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటాడు.

ఆ ఇంట్లో పాత కారు ఒకటి ఉంది. కూతురు తన్వికి పదహారు నిండబోతున్నాయి కాబట్టి దాన్ని ఆ పిల్ల కోసం అట్టేపెట్టారు. లెర్నర్ పర్మిట్ చేతికొచ్చింది, రోడ్ టెస్ట్ దగ్గరపడింది. వేసవిలో లైబ్రరీలో పార్ట్‌టైమ్ పని దొరికింది, తనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాలని తన్వి కలలు కంటోంది.

"నాన్నా, సిగ్నల్‌లో ఆపితే కార్ షేక్ అవుతోంది" అని ఆ పిల్ల వసంతంలోనే చెప్పింది. దివాకర్ ఒక రౌండ్ కొట్టి చూశాడు. ఆయన నడిపితే కారు బుద్ధిమంతురాలిలా నడిచింది. ఆఫీసులో అలాంటి ఫిర్యాదు వస్తే "మాకు కనిపించలేదు" అని రాసి మూసేస్తారు. ఇంట్లోనూ అదే చేశాడు.

"కార్‌లో ఏం లేదు బంగారం. నువ్వు బ్రేక్ అంత గట్టిగా తొక్కితే ఏ కారైనా వణుకుతుంది."

కొన్నాళ్ళకి ఇంజిన్ లైటు వెలిగింది. దివాకర్ చేతిలో ఇమిడే స్కానర్ పెట్టి, అది చూపించిన లోపం పట్టించుకోకుండా ఆ లైటు ఆర్పేశాడు. మళ్ళీ వెలిగితే మళ్ళీ ఆర్పాడు. ఒక సాయంత్రం తన్వి స్టాప్ సైన్ దగ్గర ఆపేసరికి ఇంజిన్ టక్కున ఆగిపోయింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే పిల్ల బిక్కచచ్చిపోయింది. అప్పుడైనా ఇంజిన్ మీది హుడ్ ఎత్తి చూసి ఉండాల్సింది. ఈ మహానుభావుడు చూడలేదు. గుంటూరులో వాళ్ళ బాబాయి పాత స్కూటర్‌ని సిగ్నల్ దగ్గర ఆగిపోకుండా రేజ్ చేస్తూ ఎలా నిలబెట్టేవాడో ఆయనకి గుర్తొచ్చింది.

"ఆగినప్పుడు ఎడమకాలు బ్రేక్ మీద పెట్టు. కుడికాలితో యాక్సిలరేటర్ తొక్కి కొంచెం గ్యాస్ ఇస్తూ ఉండు. చచ్చినా ఆగదు."

"ఇన్‌స్ట్రక్టర్ వన్ ఫుట్ ఓన్లీ అన్నాడు నాన్నా."

"అది టెస్ట్‌కి. ఇది మన కార్‌కి."

తన్వి నేర్చుకుంది. మంచిపిల్ల, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. కారు ఆగడం మానేసింది. మరో ఉపాయం ఫలించిందని దివాకర్ మురిసిపోయాడు.

ఆ ఆదివారం ఇండియన్ స్టోర్‌కి బయల్దేరారు. స్టీరింగ్ తన్వి చేతిలో, పక్కసీట్లో దివాకర్. లైబ్రరీ ముందు రెడ్ లైట్ పడింది. తన్వి చక్కగా గీత వెనకే ఆపింది. ఒకావిడ పాపని కూర్చోబెట్టిన స్ట్రోలర్ తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. కారు వణకడం మొదలుపెట్టింది. తన్వి నాన్న నేర్పినట్టే కుడికాలితో గ్యాస్ ఇచ్చింది. ఎడమకాలి చెప్పు బ్రేక్ మీంచి జారింది.

కారు ఒక్క ఉదుటున ముందుకి దూకింది.

తన్వి కెవ్వుమని రెండు కాళ్ళతో బ్రేక్ తొక్కింది. కారు ఆగింది. స్ట్రోలర్ చక్రానికీ బంపర్‌కీ మధ్య జానెడు చోటు కూడా లేదు. లోపల బోసినవ్వుల పసిపాప ఒక కాలికే సాక్సు వేసుకుని వీళ్ళకేసి చూస్తోంది.

ఆ తల్లి హుడ్ మీద దబదబా బాదింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. నీకు డ్రైవింగ్ నేర్పిందెవరు, అసలెవరు నేర్పారు అని ఇంగ్లీషులో అరిచింది.

తన్వి అద్దం దించింది. "ఐ యామ్ సో సారీ. ఇట్స్ మై ఫాల్ట్. ఐ యామ్ సో సారీ" అంటూ ఏడుస్తూనే ఉంది. పక్కసీట్లో దివాకర్ కొయ్యబారిపోయాడు. నేర్పింది నేనే అన్న మాట ఆయన నోట రాలేదు. ఆమె పాపని గుండెలకి హత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి దివాకరే నడిపాడు. తన్వి లోపలికి వస్తూనే తల్లితో చెప్పింది. "అమ్మా, రోడ్ టెస్ట్ క్యాన్సిల్ చేసెయ్. ఐ యామ్ డేంజరస్. నేను ఇంక డ్రైవ్ చేయను, ఎప్పుడూ."

విద్య భర్త ముఖంలోకి చూసింది. ఏం జరిగిందో అడిగి తెలుసుకుంది. ఒక్క మాటే అంది. "ఇవాళైనా ఆ కార్ విప్పి చూడండి."

దివాకర్ గరాజ్‌లో హుడ్ ఎత్తాడు. స్కానర్ ఇన్నాళ్ళుగా చెబుతున్నది ఒకే సంగతి, ఇ.జి.ఆర్. వాల్వు. ఇంజిన్ వదిలిన పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకే పంపే భాగం అది. కారు ఆగి ఉన్నప్పుడు ఆ వాల్వు పూర్తిగా మూసుకోవాలి. మసి అడ్డుపడి మూసుకోకపోతే ఇంజిన్‌కి ఊపిరాడదు, వణికి ఆగిపోతుంది. గ్యాస్ ఇస్తే కాసేపు సర్దుకుంటుంది. అంటే ఆయన ఉపాయం జబ్బుని కప్పిపెట్టింది, అంతే.

వైరు ఊడదీసి, బోల్టులు విప్పి వాల్వు బయటికి తీశాడు. చూసి దిమ్మెరపోయాడు. లోపలంతా అట్టలు కట్టిన నల్లటి మసి. మూత అంచున శనగబద్దంత బొగ్గుపెళ్ళ ఇరుక్కుని ఉంది. అది కదిలినప్పుడు కారు బాగుంటుంది, ఇరుక్కున్నప్పుడు వణుకుతుంది. అందుకే వసంతంలో ఆయన నడిపి చూసిన రోజు వణుకు కనిపించలేదు. ఒక పసిప్రాణం ఇంతలో పోయేది!

కరెంటు భాగం తడవకుండా పట్టుకుని క్లీనర్ కొట్టాడు, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. నల్లటి నీళ్ళు కారి కారి చివరికి లోహం మెరిసింది. వాల్వు పట్టే గొట్టంలో మసి కూడా గోకి తీశాడు. షాపుకి వెళ్ళి వాల్వు అతుకులో పెట్టే కొత్త గాస్కెట్ తెచ్చి బిగించాడు. స్టార్ట్ చేసి అలాగే చాలాసేపు ఉంచాడు. బ్లాక్ అంతా తిరిగి ప్రతి స్టాప్ సైన్ దగ్గరా ఆపి చూశాడు. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ వేగం చూపే ముల్లు నిలకడగా ఉంది. ఒక్క పూటలో అయిపోయే పని అది. ఆ సంగతి ఆయన్ని మళ్ళీ కుదిపేసింది.

చేతులైనా కడుక్కోకుండా తన్వి గది గుమ్మంలో నిలబడ్డాడు. బొగ్గుపెళ్ళ అరచేతిలో ఉంది.

"కార్‌దే తప్పు తన్వీ. నువ్వు మొదటిరోజు చెప్పింది కరెక్ట్. నీ కాలు కాదు. రెండు కాళ్ళతో తొక్కమని నేర్పింది నేను, అది నా తప్పు. నువ్వు డేంజరస్ కాదమ్మా. టెస్ట్ క్యాన్సిల్ చేయొద్దు."

తన్వి ఆ నల్లటి పెళ్ళని వేలితో తాకి చూసింది. ఆ పిల్ల ముఖంలో కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"మరి అక్కడ సారీ నేనెందుకు చెప్పాను నాన్నా? నువ్వు పక్కనే ఉన్నావు కదా?"